మా వదిన చారెడు

మా ఆయనకు అక్క, అంటే నాకు వదిన, రైలు పెట్టెలు మరమ్మతు చేసే ఒక పెద్ద షెడ్డులో క్యాంటీన్ వంటమనిషి. ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప అక్కడెవరికీ గుర్తులేదు. షెడ్డంతా ఆవిడను చారెడమ్మ అంటుంది. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. అయినా ఆవిడకు తెలుసు. తెలిసి లోపల్లోపల మురిసిపోతుంది కూడా.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆ వంటింట్లో కొలగిన్నె లేదు, కొలతకని ఒక గ్లాసు లేదు. ఉన్నదల్లా వదిన చెయ్యి. మిరియాలపొడి చిటికెడు, వెల్లుల్లి పిడికెడు, ఉప్పు చారెడు, గింజలు దోసెడు. దోసెడుకి రెండు చేతులూ కావాలి కాబట్టి అప్పుడు మాత్రం గరిటె కింద పెడుతుంది. కొత్తవాళ్ళెవరైనా "చారెడంటే ఎంతమ్మా?" అని అడిగితే, అరచెయ్యి దొప్పలా ముడిచి వాళ్ళ ముక్కు కింద పెట్టి, "ఇంత" అంటుంది. అంతకంటే వివరంగా అడిగిన మనిషిని నేను చూడలేదు.

తన వంట తను రుచి చూడదు. రుచి చూసుకునేవాళ్ళు చేతి మీద నమ్మకం లేనివాళ్ళట. మా ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉంటుంది కానీ ఇంట్లో వంట నాది. "పొద్దస్తమానం అంతమందికి వండి, ఇంటికొచ్చి మళ్ళీ గరిటె పట్టుకుంటే నన్నెవరు ఓదారుస్తారమ్మా?" అంటుంది. సబబే. అయితే నేను వండింది నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, "ఉప్పు పడింది" అంటుంది. బాగుందనా, ఎక్కువైందనా? ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంతుపట్టలేదు. అడిగితే ఇంకేదో అంటుందని నేనూ అడగలేదు.

ఆవిడ కుడి మోకాలు అరిగిపోయింది. నడుస్తుంటే కుడి అడుగుకి ఒకసారి వాలి, ఎడమ అడుగుకి లేచి, మళ్ళీ వాలి, గదిలోకి మనిషి వస్తుంటే ముందు నీడ ఊగుతూ వచ్చేది. డాక్టరు మోకాలు మార్చాల్సిందే అన్నాడు. "మార్చడానికి అదేమన్నా బల్బా?" అని వదిన ఆయన మీద లేచింది. కానీ ఒకరోజు గంగాళం దగ్గర నిలబడలేక బియ్యం బస్తా మీద కూలబడిపోయింది. ఆ తర్వాత ఇక డాక్టరుతో వాదించలేదు.

అసలు చిక్కు మోకాలితో కాదు, మేనేజరుతో వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, నోట్లో నాలుక లేని మనిషి. సీలు వేసిన డబ్బాల్లో భోజనం పంపే కంపెనీ ఒకటి చాలాకాలంగా పైవాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఆపరేషన్‌కి సెలవు అడిగిన వదినను ఆయన పిలిచి, బల్ల మీది గాజు గుండుతో మాట్లాడుతున్నట్టు దాన్నే చూస్తూ చెప్పాడట. "మీరు లేనన్నాళ్ళూ ఇదే రుచి వస్తే నాకేం అభ్యంతరం లేదమ్మా. తేడా వస్తే మాత్రం ఆ డబ్బాలవాళ్ళని పిలవక తప్పదు. వాళ్ళొకసారి వచ్చారంటే మళ్ళీ మన పొయ్యి వెలగదు."

ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చుంది. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఏకిపారేస్తూ లోపలికి వచ్చే మనిషి అలా కూర్చుంటే నాకు భయమేసింది.

"నేను మంచం దిగి వెళ్ళేసరికి నా వంటిల్లు ఉండదమ్మాయ్" అంది. "నాకు ఇంకేం చాతకాదు. అది పోతే నేనేం చెయ్యను?"

ఆవిడ నోట 'చాతకాదు' అన్నమాట నేను వినడం అదే మొదలు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

వదిన లేనప్పుడు వండాల్సినవాడు ఆవిడ కింద పనిచేసే రెండో వంటవాడు. పేరుకు తగ్గట్టు కాదు, పనికి తగ్గట్టు అందరూ అతన్ని నిదానం అంటారు. ఇద్దరు పిల్లల తండ్రి, గుబురు మీసం, ఉల్లిపాయ తరగమంటే దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు తరుగుతాడు. మంచివాడే. కానీ ఇన్నేళ్ళలో వదిన అతన్ని ఉప్పు డబ్బా మూత కూడా ముట్టుకోనివ్వలేదు. "వాడి చేతికి కొలత లేదు" అనేది, వాడి ముందే.

ఇక్కడ మా ఆయన రంగంలోకి దిగారు. ఆయన పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటర్లో గుమాస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తూచడమే పని. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. సబ్బు అరిగిందా అని తూస్తారు, పుచ్చకాయ తెస్తే ముందు తూచి తర్వాత కోస్తారు. పెళ్ళైన కొత్తలో నన్ను పార్సిల్ త్రాసు మీద నిలబెట్టి, ఎంత వచ్చిందో ఇప్పటికీ నలుగురిలో చెబుతారు. పరువు తీసేది అదొక్కటే కాదు గానీ ముఖ్యమైనది అదే.

"చెయ్యి మనిషితో పోతుందక్కా, గ్రాము ఎక్కడికీ పోదు" అన్నారు. "నీ చారెళ్ళనీ దోసెళ్ళనీ గ్రాముల్లోకి మార్చి ఇస్తాను. నిదానం తూచి వేస్తాడు. అంతే సంగతి."

"ఒరేయ్, చారెడు చారెడేరా. దాన్ని గ్రాముల్లోకి మార్చడమేంటి?"

"చారెడు పిండీ చారెడు ఉప్పూ ఒకే బరువు ఉంటాయా ఏంటి?"

వదిన ఆలోచనలో పడింది. "అంటే నా చెయ్యి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుందా?"

"చెయ్యి ఒకటేనక్కా. వస్తువు వేరు. చోటు ఒకటే ఆక్రమిస్తుంది, బరువు వేరే."

"మీ ఆయన పిచ్చి ముదిరింది" అని వదిన నాతో అంది. కానీ సెలవురోజున క్యాంటీన్ తాళంచెవి తీసి నడుముకి దోపుకుంది.

ముగ్గురం వెళ్ళాం. నిదానం అప్పటికే వచ్చి నేల కడిగి ఉంచాడు. పొడుగాటి వంటిల్లు అది. ఈ చివర కిటికీ పక్కన సరుకుల అర, ఆ చివర పొయ్యిలు. ఆవిరి తగిలితే ఉప్పు గడ్డకడుతుందని ఆ పెద్ద డబ్బా ఎప్పుడూ కిటికీ దగ్గరే ఉంటుంది. వదిన అక్కడ చారెడు తీసుకుని, ఊగుతూ పొయ్యి దాకా నడిచి గంగాళంలో వేసి, మళ్ళీ ఊగుతూ వెనక్కి వెళ్తుంది. ఆ దారి పొడవునా గచ్చు తెల్లగా పెచ్చులూడి, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. కింద పైపు కారుతోందని మేనేజరు రెండుసార్లు తవ్వించాడు. పైపు చక్కగానే ఉంది.

మా ఆయన బల్ల మీద త్రాసు పెట్టి, చొక్కా చేతులు మడిచి, "వెయ్యక్కా" అన్నారు.

వదిన చారెడు ఉప్పు వేసింది. తూస్తే ఒక బరువు. మళ్ళీ వేసింది. ఇంకాస్త ఎక్కువ. మూడోసారి చెయ్యి గోపురం కట్టుకుని వచ్చింది. ఎవరైనా చూస్తుంటే ఆవిడకు చెయ్యి వెడల్పవుతుంది. పెట్టేటప్పుడు తక్కువ పెట్టిందన్న మాట పడలేదు మరి.

"అక్కా, ఇది దానం కాదు, కొలత."

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తే కొలత ఎలా వస్తుందిరా?"

మా ఆయన తల గోక్కున్నారు. అంతలో ఆయన మొహం వెలిగింది. ఇంత తెలివి తనకెలా వచ్చిందని తనే ఆశ్చర్యపోతున్నట్టు అన్నారు. "నువ్వు త్రాసు సంగతి మర్చిపో. మామూలుగా వండుకో. నేను డబ్బాని తూస్తాను. నువ్వు ఉప్పు తీసుకుని అటు తిరగగానే డబ్బా ఎంత తగ్గిందో చూస్తాను. డబ్బాలో తగ్గిందే గంగాళంలో పడింది. ఇంక తప్పెక్కడ?"

నిజంగానే మంచి ఉపాయం. వదిన గంగాళం నిండా కూరగాయల సూపు పెట్టి తన ధోరణిలో తను వండుకుంటూ పోయింది, మధ్యమధ్య నిదానాన్ని తిట్టుకుంటూ. ఆవిడ వీపు తిరగగానే మా ఆయన దొంగలా డబ్బా ఎత్తి త్రాసు మీద పెట్టేవారు. ఇక చూడండి, ప్రతి చారెడూ యాభై గ్రాములే. ఒక గ్రాము అటో ఇటో. అన్నేళ్ళు కౌంటర్లో కూర్చున్న మనిషి త్రాసు సరిగ్గా ఉందా అని తట్టి చూసుకున్నారు.

"అక్కా, నీ చెయ్యి త్రాసేనే!"

"నువ్విప్పుడు తెలుసుకున్నావు" అంది వదిన, తిరిగి కూడా చూడకుండా. కానీ మెడ నిక్కింది. నాకు కనబడింది.

ఉప్పు, పిండి, మిరియాలపొడి, గింజలు, అన్నీ అలాగే తూచి, మా ఆయన ప్రతి డబ్బా మూత మీదా చారెడుకి ఇన్ని గ్రాములని ఎర్ర రంగుతో రాసేశారు. వదిన చేతిని మూతల మీదకి ఎక్కించానని ఇంటికొచ్చే దారంతా ఒకటే సంబరం.

మర్నాడు వదిన ఓ పక్కగా కుర్చీ వేసుకుని కూర్చుంది, నిదానం తూచి వండాడు. ఉప్పు గిన్నెలోకి తీసి, త్రాసు మీద పెట్టి, ఒక పలుకు ఎక్కువైతే గోటితో తీసేసి మరీ వేశాడు. రుచి చూడ్డం ఆ వంటింట్లో ఆచారం కాదు కదా, ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం మొదటి చెంచా నోట్లో పెట్టుకున్న ఫిట్టరు కళ్ళు తేలేశాడు. రెండోవాడు నీళ్ళకు పరిగెత్తాడు. ఉప్పు కషాయం! మేనేజరు ఒక్క గుటక మింగి, ఏమీ అనకుండా గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కత్తులు నూరారు.

"నీ త్రాసు తగలెయ్య! నా కొంప ముంచింది!"

"త్రాసు తప్పు చెప్పదక్కా. నీ చేతిలోనే ఏదో ఉంది."

"నా చెయ్యి గ్రాము తప్పదని నువ్వే అన్నావు కదరా, నిన్న?"

"అందుకే కదా నాకూ అర్థం కావట్లేదు!"

వదిన నిదానాన్ని కూడా వదల్లేదు, వాడు రెండుసార్లు వేసుంటాడంది. మా ఆయన ఒక మూల, వదిన ఒక మూల మొహాలు తిప్పుకు కూర్చున్నారు. ఆపరేషన్ దగ్గరకొచ్చేసింది. తిండి మీద కోపం చూపించడం మా ఇంటావంటా లేదు కాబట్టి అన్నానికి మాత్రం ఇద్దరూ లేచారు. నేను అప్పుడే వంటిల్లు ఊడ్చి తుడిచి, పొయ్యి మీద కూర ఉడుకుతుంటే కంచాలు సర్దుతున్నాను. అంత కోపంలోనూ వదిన ఊరుకోలేక, "ఉప్పు వేశావా?" అని అడిగింది. లేదన్నాను. అర దగ్గరికెళ్ళి, చేత్తో ఇంత ఉప్పు తీసుకుని, ఊగుతూ వచ్చి కూరలో వేసింది.

నేను కంచం పట్టుకుని అటు నడిచాను. అరికాలి కింద కరకరలాడింది.

ఇప్పుడే కదా తుడిచాను! వంగి చూస్తే, అర నుంచి పొయ్యి దాకా సన్నగా ఉప్పు గీత. వదిన కుడికి వాలిన ప్రతిచోటా కొంచెం చిక్కగా. నాకు నవ్వాగలేదు. కంచం పక్కన పెట్టి నేల మీదే చతికిలబడ్డాను.

"ఏమైందే?" అన్నారు మా ఆయన.

"డబ్బాలో తగ్గిందంతా గంగాళంలో పడలేదండీ. దారిలో నేల తన వాటా తినేసింది."

ముగ్గురం వంగి ఆ గీతను చూశాం. క్యాంటీన్ గచ్చు ఎందుకు పెచ్చులూడుతోందో, అక్కడ పైపులో లోపం ఎందుకు దొరకలేదో నాకు అప్పుడు అర్థమైంది. నిదానం రోజూ నీళ్ళు పోసి కడిగేస్తాడు, ఉప్పు కరిగి గచ్చులోకి పోతుంది, ఇక ఎవరికి తెలుస్తుంది? పిండి ముద్దగా ఉంటుంది, జారదు. గింజ జారితే కనబడుతుంది. ఉప్పు ఒక్కటే దొంగ.

మా ఆయన మర్నాడే వెళ్ళి, కిటికీ నుంచి పొయ్యి దాకా పాత పేపర్లు పరిచి, వదినను నడిపించి, రాలిన ఉప్పంతా కుంచెతో ఎత్తి తూచారు. యాభైలో పది నేలకే పోతోంది. గంగాళానికి చేరేది నలభై. మూత మీది అంకె కొట్టేసి కొత్తది రాశారు. ఆ రోజు నిదానం వండిన సూపు తిని ఫిట్టరు రెండోసారి పెట్టించుకున్నాడు. మేనేజరు గిన్నె ఖాళీ చేసి, మీసాలు తుడుచుకుని, "ఇదేనమ్మా" అన్నాడు.

అందరం చేటంత మొహాలతో ఇంటికొచ్చాం, వదిన తప్ప.

"అయితే ఇన్నేళ్ళూ వండింది నా చెయ్యి కాదా?" అంది. "నా కుంటికాలా?"

నేను మళ్ళీ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆపుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. వదిన మంచం మీద ఉన్నన్నాళ్ళూ నిదానం రోజూ సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చెప్పి వెళ్ళేవాడు, అంతా తినేశారక్కా, ఏమీ మిగల్లేదక్కా అని. వదిన "సరే" అనేది. అతను వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకునేది. వంటిల్లు నిలబడింది కదా వదినా, ఇంకేం బాధ అంటే, "నిలబడింది. నేను లేకుండానే నిలబడింది" అంది. ఆవిడ బాధ నాకు తెలుస్తూనే ఉంది. మనం లేకపోతే పని ఆగిపోవాలని ఎవరికి ఉండదు?

మళ్ళీ పనిలో చేరిన రోజు తోడుగా నేనూ వెళ్ళాను. వదిన నిటారుగా, స్కూలు పిల్లలా చకచకా నడుస్తుంటే షెడ్డులో పనివాళ్ళు సుత్తులు ఆపి చూశారు. నిదానం మర్యాదగా త్రాసు మీద గుడ్డ కప్పి ఓ మూలన పెట్టేశాడు. వదిన కొంగు దోపుకుని, "తప్పుకోరా" అని కిటికీ దగ్గరికెళ్ళి, డబ్బాలో చెయ్యి పెట్టింది. చారెడు తీసుకుని పొయ్యి దాకా నడిచి వేసింది. మళ్ళీ వెళ్ళింది, వేసింది. ఆ చెయ్యిని మళ్ళీ గంగాళం మీద చూస్తుంటే నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలో బుర్ర పనిచేయలేదు. నిదానం మాత్రం నేల వంక చూశాడు. వదిన వంక చూశాడు. నోరు తెరిచి నీళ్ళు నమిలాడు.

"ఏంట్రా?"

"ఏం లేదక్కా."

మధ్యాహ్నం హాలంతా వదిన కోసం ఎదురుచూసినట్టు నిండిపోయింది. సూపు వడ్డించారు. ఫిట్టరు ఒక చెంచా తీసుకుని, చెంచాను అలాగే గాల్లో పట్టుకుని పక్కవాడి వంక చూశాడు. ఎవరూ నీళ్ళకు పరిగెత్తలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆవిడ మీద గౌరవంతో తలలు వంచుకుని మింగుతున్నారు. ఆ చప్పుడు లేకపోవడమే వదినకు వినబడింది. ఒక గిన్నెలో సూపు పోయించుకుని చెంచాతో నోట్లో పెట్టుకుంది. మొహం పాలిపోయింది. తన కాళ్ళ వంక చూసుకుంది, శుభ్రంగా, పొడిగా ఉన్న గచ్చు వంక చూసింది. ఈసారి నేలకు ఒక్క పలుకూ పడలేదు. తీసిన యాభైకి యాభై గంగాళంలోనే పడింది.

అంతలో మేనేజరు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇవాళ..." అని ఆగాడు. "డబ్బాలవాళ్ళు పొద్దున కూడా ఫోన్ చేశారు. నేనేం చెప్పను?"

నిదానం ముందుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి గబగబా కదిలాడు.

"ఉప్పు నేను వేశాను సార్. అక్క ఇంకా అలిసిపోయి ఉందని నేనే వేశాను. తూచకుండా వేసేశాను."

వదిన ఒప్పుకుంటే సరిపోయేది. ఆవిడ పరువూ ఉండేది, పేరూ ఉండేది. నిదానం ఒకరోజు తిట్లు తినేవాడు, అవి అతనికి కొత్త కాదు. నేనైతే ఆవిడ ఊరుకుంటుందనే అనుకున్నాను. ఊరుకోవాలనీ కోరుకున్నాను, నిజం చెప్పాలంటే.

"అబద్ధం సార్" అంది వదిన. "వీడు వేస్తే పలుకు తేడా రాదు. వీడి చేతికి కొలత ఉంది. తప్పింది నాదే."

నిదానం తన చేతి వంక చూసుకున్నాడు.

"మోకాలు బాగైంది సార్, చెయ్యి చెడింది. మళ్ళీ నేర్చుకోవాలి. రేపట్నుంచి ఉప్పు వీడు తూస్తాడు, నేను వేస్తాను. నాకు అలవాటయ్యేదాకా కాదు, ఎప్పటికీ."

మేనేజరు ఆవిడ వంక, నిదానం వంక, తన గిన్నె వంక చూశాడు. మోకాలు బాగైతే సూపెందుకు చెడుతుందో పాపం ఆయనకు అర్థంకాలేదు. అడిగే ధైర్యమూ చేయలేదు. "అయితే ఇక్కడ వంటమనిషి ఎవరని పైవాళ్ళకి చెప్పమంటారమ్మా?" అన్నాడు.

"ఇద్దరమని చెప్పండి" అంది వదిన.